అంబాసిడర్‌కి నడుం నొప్పి

అనకాపల్లి బెల్లం మార్కెట్ చుట్టుపక్కల పాత ఇళ్లు చూసినవాళ్లకి ఈ దృశ్యం కొత్తేమీ కాదు. ముందు వీధరుగు. పక్కన రేకుల షెడ్డు. షెడ్డులో పాత దుప్పటి కప్పుకుని కునుకు తీస్తున్న పెద్దమనిషిలా ఓ తెల్ల అంబాసిడర్. ఇంటాయన రోజూ పొద్దున్నే దుప్పటి తీస్తాడు, బానెట్ మీద దుమ్ము తుడుస్తాడు, ఓసారి స్టార్ట్ చేసి చెవి పెట్టి విని ఆపేస్తాడు. బయటికి తీసేది మాత్రం పండక్కో పెళ్లికో!

అలాంటి ఇల్లు ఒకటి ఉందనుకుందాం. పేర్లెందుకు... షావుకారుగారు, ఆయన భార్య, విశాఖలో ఉద్యోగం చేస్తున్న కొడుకు అంటే చాలు. బండి తాతగారు కొన్నది, 1970ల మొదట్లోని మార్క్ 2. కొత్త అమావాస్య వచ్చింది. నూకాంబిక అమ్మవారి గుడికి వెళ్లాలి. షావుకారుగారు ముచ్చటగా బండి తీశారు. ఆవిడేమో ఎక్కనంది.

"ఆ వెనక సీట్లో కూర్చుంటే గుంతగుంతకీ నడుం కలుక్కుమంటోంది. మీరు బండిలో రండి, నేను ఆటోలో వస్తాను" అనేసింది.

అంబాసిడర్ ఉన్న ఇంటి ఇల్లాలు ఆటో ఎక్కడమా! షావుకారుగారి మొహం మాడిపోయింది. కొడుక్కి మాత్రం అవకాశం దొరికింది.

"ఎన్నాళ్లనుంచో చెబుతున్నాను నాన్నా! ఎడ్లబండి కాలంనాటి ఆ కమాన్ పట్టీలు పీకేసి, వెనక ఇరుసుతో సహా మార్చేద్దాం. గాజువాక ఆటోనగర్‌లో వెతికితే ఏదో ఒక పెద్ద బండి యాక్సిల్ దొరక్కపోదు. కాయిల్ స్ప్రింగులు పెట్టిస్తే అమ్మకి పూలపాన్పే. హైవే మీద స్పీడు కూడా వస్తుంది" అన్నాడు.

"నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ బండి మీద కటింగ్ టార్చి పెట్టనివ్వను" అన్నారు తండ్రిగారు.

పంచాయితీ చివరికి మేస్త్రీ దగ్గరికి చేరింది. తాతగారి కాలంనుంచీ ఆ బండి ఒళ్లు తెలిసిన మనిషి. ఇద్దరి మాటా విన్నాడు. వెనక బంపర్ మీద రెండు చేతులూ వేసి గట్టిగా నొక్కి వదిలాడు. బండి కిందికీ పైకీ ఊగలేదు. కిర్రుమని ఓ మూలుగు మూలిగి ఊరుకుంది.

"నడుం నొప్పెడితే నడుం మార్సేత్తారేటి బాబూ? నొప్పి ఎక్కడుందో ముందు సూడాల కదా" అన్నాడు.

ఆ ఒక్క మాటలోనే అసలు సంగతంతా ఉంది. పాత కారు వెనక ఇరుసు మార్చాలన్న కోరిక పుట్టినప్పుడు మొదట తేల్చుకోవలసింది ఒకటే. మనకి నచ్చనిది ఆ కారు పుట్టుకతో తెచ్చుకున్న గుణమా, లేక వయసు మీదపడి వచ్చిన జబ్బా?

అంబాసిడర్ పుట్టుక అందరికీ తెలిసిందే. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3గా తిరిగిన కారుని, 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తరపర ఫ్యాక్టరీలో హిందూస్థాన్ మోటార్స్‌వాళ్లు అంబాసిడర్‌గా తయారుచేయడం మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆ ఫ్యాక్టరీలో పని ఆగిపోయేవరకూ మార్కులు మారాయి, ఇంజన్లు మారాయి, ముందు జాలీ డిజైన్లు మారాయి. వెనక ఇరుసు కింద కమాన్ పట్టీలు మాత్రం అలాగే ఉన్నాయి. మంత్రులూ కలెక్టర్లూ దశాబ్దాలపాటు ఆ వెనక సీటులోనే తిరిగారు. 2013లో బీబీసీ 'టాప్ గేర్' కార్యక్రమంవాళ్లు వివిధ దేశాల టాక్సీలకి పోటీ పెట్టి దీన్నే మొదటి స్థానంలో నిలబెట్టారు. అంటే ఆ సీటులో పుట్టుకతోనే నడుం నొప్పి ఉండి ఉండదు!

మరి కమాన్ పట్టీలు చేసే పనేంటి? బరువు మోయడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. కానే కాదు. ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీల కట్ట అది. కట్ట ముందు కొస బాడీకి పిన్నుతో బిగించి ఉంటుంది. వెనక కొస ఊయలలాంటి చిన్న ముక్కకి వేలాడుతుంది. మన మెకానిక్కులు దాన్నే షాకిల్ అంటారు. కట్ట మధ్యలో ఇరుసు కూర్చుంటుంది, యూ బోల్టులతో బిగించుకుని. కారు బరువు మోసేది ఈ కట్టే. ఇరుసు ముందుకీ వెనక్కీ జరగకుండా, పక్కకి తప్పుకోకుండా పట్టుకునేదీ ఇదే. ఇంజన్ చక్రాన్ని ముందుకి తిప్పుతుంటే ఇరుసు గొట్టం వెనక్కి మెలితిరగాలని చూస్తుంది. బ్రేకు వేస్తే అటునుంచి ఇటు తిరగాలని చూస్తుంది. ఆ మెలికని ఆపేదీ ఈ పట్టీలే. పట్టీకీ పట్టీకీ మధ్య రాపిడివల్ల ఊపు కూడా కొంత అణుగుతుంది. నాలుగు ఉద్యోగాలు ఒక్క జీతానికి చేసే నౌకరన్నమాట!

అందుకే "పట్టీలు తీసి కాయిల్ పెడదాం" అన్నంత సులువు కాదీ పని. కాయిల్ స్ప్రింగు బరువు మోస్తుంది, అంతే. మిగతా మూడు ఉద్యోగాలకీ వేరే మనుషుల్ని పెట్టుకోవాలి.

ఇంతకీ మేస్త్రీ ఏం చేశాడంటారా? బండి వెనకభాగం ఎత్తి, బాడీ కింద స్టాండ్లు పెట్టి, ఇరుసుని కిందికి వేలాడనిచ్చాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరేవాణ్ని ఆయన తన షెడ్డులోకి రానివ్వడు. లైటు పట్టుకుని కొడుకుని కూడా పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఒక్కొక్కటే బయటపడింది.

మొదటిది, పట్టీల లెక్క. కట్టలో ఉండాల్సినదానికన్నా ఒక పట్టీ ఎక్కువ ఉంది, రెండువైపులా. అప్పుడు గుర్తొచ్చింది షావుకారుగారికి. తాతగారి హయాంలో డిక్కీనిండా బెల్లం దిమ్మలు వేసుకుని తిరిగేవారు. బండి వెనక కుంగిపోతోందని కట్టలో ఒక పట్టీ అదనంగా వేయించారు. దిమ్మలు పోయాయి, వ్యాపారం ఫోన్లలోకి వచ్చింది. పట్టీ మాత్రం ఉండిపోయింది. బరువు కోసం గట్టిచేసిన కట్ట మీద ఇప్పుడు ఒకే ఒక్క ఇల్లాలు కూర్చుంటే అది వంగుతుందా? ప్రతి గుంత దెబ్బా తిన్నగా సీటుకే!

రెండోది తుప్పు. ఏడాదికి నాలుగుసార్లు తిరిగే బండి. సముద్రం దూరమేం కాదు, ఉప్పుగాలి. పట్టీల మధ్య తుప్పు గట్టిపడి కట్టంతా ఒకే ఇనప దుంగ అయికూర్చుంది. పట్టీ మీద పట్టీ జారితేనే కమాను వంగేది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన పెద్దలన్నది ఇరుసు గురించే అయినా, పట్టీలకీ అక్షరాలా సరిపోతుంది. ఇందాకటి కిర్రుమన్న మూలుగు అదే.

మూడోది షాకిల్. కమాను వంగి చదునైతే దాని పొడవు పెరుగుతుంది. ఆ పెరిగిన పొడవుకి చోటివ్వడానికే ఊయల ముక్క పెట్టారు. అది ఊగాలంటే లోపలి రబ్బరు బుష్ బాగుండాలి. ఈ బండిలో రబ్బరు ఏనాడో పొడైపోయి, పిన్ను ఇనుముకి ఇనుమై బిగుసుకుపోయింది. ఊయల ఊగదు, కమాను వంగదు.

ఇక షాక్ అబ్జార్బర్లు... వాటిలో నూనె కారిపోయి ఎన్నేళ్లయిందో! బంపర్ నొక్కితే కమాను బిగుసుకుపోయి ఊగలేదు కాబట్టి ఆ సంగతి ఇన్నాళ్లూ బయటపడలేదు. టైర్లలో గాలి లారీకి కొట్టినట్టు రాయిలా కొట్టించి ఉంది. అది పెట్రోలు బంకులో కుర్రాడి పుణ్యం.

కొడుకు మొహం చూడాలి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఎక్కుతున్న కారు అసలు స్ప్రింగుల మీద ఎలా నడుస్తుందో అతనికి తెలియనే తెలియదన్నమాట. పాత కార్ల విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. బిగుసుకుపోయిన కమాన్లని చూసి "కమాన్లంటే ఇంతే" అనుకుంటారు.

ఇక్కడ చిన్న మాట. వంపు తగ్గిన పట్టీలని కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి మళ్లీ వంపు తెచ్చే పద్ధతి చాలా ఊళ్లలో ఉంది. చవకే. కానీ స్ప్రింగు ఉక్కుకి ప్రాణం దాని పదునులో ఉంటుంది. ఎర్రగా కాల్చి వదిలేస్తే ఆ పదును పోతుంది. మళ్లీ లెక్క ప్రకారం నూనెలో ముంచి పదును పెట్టగల చోటైతే సరే, లేదంటే నెలలోపే వంపు జారిపోతుంది, లేదా పట్టీ విరుగుతుంది. కొత్త కట్ట చేయించుకోవడమే మేలు. లారీలకి కట్టలు కట్టే విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల, పాత కట్ట నమూనా చూపిస్తే పట్టీ మందం, వెడల్పు, కళ్ల మధ్య దూరం కొలిచి చేసిపెట్టేవాళ్లుంటారు.

కథ ఇంతటితో అయిపోతే ఇరుసు జోలికి వెళ్లే పనే లేదు. కానీ మేస్త్రీకి ఇంకో అనుమానం ఉంది. బండి నలభై దాటిందంటే చాలు, వెనకనుంచి తుమ్మెద ఝంకారం. కాలు తీస్తే రాగం మారుతుంది, నొక్కితే మళ్లీ మారుతుంది. చక్రం బేరింగ్ రొద అయితే కాలు తీసినా నొక్కినా ఒకేలా ఉంటుంది. రాగం మారిందంటే క్రౌన్ పినియన్ పళ్లు అరిగాయని అర్థం. ఇరుసు గుండెకాయ అదే. ప్రొపెల్లర్ షాఫ్టు కొసన చిన్న పినియన్, దాంతో కలిసి తిరిగే పెద్ద క్రౌన్ చక్రం. అరిగితే ఆ రెండూ జతగానే మార్చాలి. పళ్ల మధ్య సందు, బేరింగుల బిగువు వెంట్రుకవాసి లెక్కలో కుదర్చాలి. అలా కుదర్చగల చేతులు తగ్గిపోతున్నాయి. కొత్త జత దొరకడమూ కష్టమే. కాబట్టి వేరే ఇరుసు తెచ్చి వేయడమే దారి.

అంటే కొడుకు కోరిక సగం నెరవేరినట్టే! ఇప్పుడు ప్రశ్న... ఏ ఇరుసు?

కొడుక్కి హైవే మీద స్పీడు కావాలి. అది ఇరుసులో పళ్ల లెక్కమీద ఆధారపడుతుంది. ఉదాహరణకి పినియన్‌కి 9 పళ్లు, క్రౌన్‌కి 41 పళ్లు ఉన్నాయనుకోండి. షాఫ్టు 4.56 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. టాప్ గేరులో ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే చక్రం 658 చుట్లు తిరుగుతుంది. టైరు చుట్టుకొలత రెండు మీటర్లు అనుకుంటే గంటకి 79 కిలోమీటర్లు. అదే 11 పళ్ల పినియన్, 43 పళ్ల క్రౌన్ ఉన్న ఇరుసు వేస్తే లెక్క 3.91. ఇంజన్ అంతే వేగంతో తిరుగుతున్నా బండి 92 దగ్గర పోతుంది. లంకెలపాలెం, కూర్మన్నపాలెం మీదుగా విశాఖ వెళ్లేటప్పుడు ఇంజన్ గొంతు చించుకోనక్కర్లేదు. మైలేజీ కూడా కాస్త కలిసొస్తుంది. పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ పెట్టించుకున్నవాళ్లు కొందరు ఇలాంటి ఇరుసుల కోసం వెతికేది ఇందుకే. డీజిల్ ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి, పెట్రోలు కాలంనాటి ఇరుసుతో బండి పరుగెత్తదు.

బాగానే ఉంది. కానీ ఊరికే ఏదీ రాదు. 4.56 నుంచి 3.91కి వస్తే ప్రతి గేరులోనూ చక్రం దగ్గర లాగే బలం నూటికి పద్నాలుగు వంతులు తగ్గిపోతుంది. హైవే మీద తెలియదు. చోడవరం, మాడుగుల దాటి గరికబంద దగ్గర పాడేరు ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది! బండిలో ఏడుగురు, డిక్కీలో సామాను, ముందు ఒక లారీ. సెకండ్ గేరులో లాగాల్సిన మలుపు దగ్గర ఫస్టులోకి రావాలి. ఆగిన బండిని ఎత్తు మీద మళ్లీ కదిలించాలంటే క్లచ్ కాలిన వాసన. దిగేటప్పుడూ అంతే, ఇంజన్ పట్టు తగ్గిన మేరకు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది.

ఇంకో మోసం కూడా ఉంది. ఈ బండి స్పీడోమీటరు తీగ గేర్‌బాక్స్ తోకనుంచి వస్తుంది. ఇరుసులో పళ్లు మారిన సంగతి దానికి తెలియదు. బండి 92లో పోతుంటే ముల్లు 79 దగ్గరే నిలబడి ఉంటుంది. నడిపేవాడు నింపాదిగా వెళుతున్నానని అనుకుంటాడు. స్పీడోమీటరుని కొత్త లెక్కకి సరిచేయించుకోకపోతే ప్రమాదం ఎక్కడో లేదు, కళ్లెదుటే ఉంది.

కొనబోయే పాత ఇరుసు లెక్క ఎంతో ఎలా తెలుసుకోవాలి? అమ్మేవాడి మాట నమ్మనక్కర్లేదు. సుద్దముక్క ఒకటి చాలు. ఒక చక్రం కదలకుండా పట్టుకుని, రెండో చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. ఆ లోపు పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో సుద్ద గుర్తుతో లెక్కపెడితే అదే ఇరుసు లెక్క. నాలుగున్నర దాటితే బరువు లాగే ఇరుసు, నాలుగు లోపైతే పరుగు ఇరుసు. ఈ చిట్కా చెప్పినప్పుడు మేస్త్రీ కళ్లలో మెరుపు చూసి తీరాల్సిందే.

ఇక కొడుకు కలల కాయిల్ స్ప్రింగుల సంగతి. అసాధ్యమేం కాదు. ఇదే హిందూస్థాన్ మోటార్స్ తయారుచేసిన కాంటెస్సాలో వెనక గట్టి ఇరుసే, స్ప్రింగులు మాత్రం కాయిల్. అయితే ఆ కారు బాడీని దానికి తగ్గట్టే కట్టారు. ఇరుసు ముందుకీ వెనక్కీ పోకుండా, మెలితిరగకుండా పొడుగాటి చేతులుంటాయి. ఆ చేతులు బాడీకి తగిలేచోట గట్టి ఇనుము ఉంటుంది.

అంబాసిడర్‌కి కింద లారీలాగా విడి ఛాసిస్ లేదు. బాడీయే ఛాసిస్. కమాను ముందు కన్ను తగిలే చోట, వెనక షాకిల్ వేలాడే చోట ఫ్యాక్టరీలో బలం ఇచ్చారు, ఎందుకంటే బరువు అక్కడే పడుతుంది కాబట్టి. కాయిల్ పెడితే బరువంతా ఇరుసుకి నేరుగా పైన ఒక్కచోట పడుతుంది. అక్కడున్నది రేకు. కొత్త చేతుల్ని బిగించాల్సిన చోట ఉన్నదీ ఫ్లోరు రేకే. దానికీ వయసు యాభై దాటింది, ఎన్ని వానలు చూసిందో. మందపాటి ప్లేట్లు వేసి, లోపలా బయటా బలం ఇచ్చి, రెండువైపులా కొలత తేడా రాకుండా వెల్డింగ్ చేయాలి. బ్రేకు గట్టిగా వేసినప్పుడల్లా ఆ చేతులు రేకుని చింపేయాలని చూస్తుంటాయి. ఒక వెల్డింగ్ ఊడితే ఇరుసు పక్కకి తిరుగుతుంది. ఎనభైలో పోయే బండికి వెనక ఇరుసు పక్కకి తిరగడమంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు.

పెద్ద బండి ఇరుసు అసలే వద్దు. అది వెడల్పెక్కువ. అంబాసిడర్ వెనక చక్రాల్ని మడ్‌గార్డు సగం కప్పేస్తుంది కదా, టైరు అంచు వెళ్లి దానికి రాసుకుంటుంది. బరువు కూడా ఎక్కువ. స్ప్రింగు కింద వేలాడే బరువు ఎంత పెరిగితే కుదుపు అంత పెరుగుతుంది. కాలికి రోలు కట్టుకుని మెట్లెక్కినట్టన్నమాట. కాయిల్ పెట్టాం కదా, ఇంకా ఎందుకు ఎగురుతోందని తలపట్టుకునేది అలాంటివాళ్లే. పైగా ఆ ఇరుసుకి పెద్ద బ్రేకు డ్రమ్ములు వస్తాయి. పెద్దవి మంచివే కదా అనిపిస్తుంది. కాదు! బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకి ఒరుగుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అప్పుడు వెనక బ్రేకులు ముందువాటికన్నా గట్టిగా పట్టేస్తే తడిరోడ్డు మీద తోక ముందుకొచ్చేస్తుంది.

చట్టం సంగతి కూడా చూడాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారుచేసినవాళ్లు మొదట చెప్పిన వివరాలకి రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ కేసు ఒకదానిలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే మోడల్ ఇరుసు తెచ్చి అరిగినదాని స్థానంలో వేయడం రిపేరు. ఫ్లోరు కోసి వేరే బండి సరంజామా అంతా దించడం మార్పు. రెండోదానికి ముందే రవాణా శాఖ ఆఫీసులో అడగాలి. అడగకుండా చేయిస్తే, ఏదైనా జరిగిన రోజున ఇన్సూరెన్సువాళ్లు మొదట వేసే ప్రశ్న అదే అవుతుంది.

యాభై ఏళ్లు దాటిన బండి కాబట్టి 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ గుర్తొస్తుంది ఎవరికైనా. నంబరు ప్లేటు మీద రాష్ట్రం పేరు తర్వాత 'వీఏ' అని రెండు అక్షరాలు వస్తాయి. కొత్తగా తీసుకోవడానికి ఫీజు 20,000 రూపాయలు. బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. ఫ్లోరు కోశారంటే ఆ తలుపు మూసుకున్నట్టే. అయితే ఆ ప్లేటుతో రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ, పెట్రోలుకీ మరమ్మతుకీ తీయవచ్చు. ఇల్లాలిని గుడికి తీసుకెళ్లడం ఆ జాబితాలో లేదు! షావుకారుగారు అది విని "అయితే మనకెందుకది" అనేశారు. మామూలు రిజిస్ట్రేషనే అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ పోదామన్నారు.

కొడుకు రెండు రోజులు మౌనంగా ఉన్నాడు. మూడో రోజు తనే గాజువాక వెళ్లి, తుక్కుకి వచ్చిన మరో అంబాసిడర్ ఇరుసు వెతికి పట్టుకున్నాడు. సుద్దముక్క తీసుకెళ్లడం మరిచిపోలేదు. చుట్లు లెక్కపెట్టాడు, పాతదాని లెక్కే వచ్చింది. పాడేరు ఘాట్‌ని తలుచుకుని సరేనన్నాడు. డ్రమ్ము నుంచి డ్రమ్ముకి వెడల్పు, కమాన్ కట్ట కూర్చునే రెండు పీఠాల మధ్య దూరం, చక్రం నట్ల మధ్య దూరం, షాఫ్టు తగిలే ఫ్లాంజి రంధ్రాలు... అన్నీ టేపు పెట్టి కొలిచి, పాత ఇరుసు కొలతలతో పోల్చాడు. ఒకే మోడల్ పేరుతో వచ్చిన బండ్లలోనూ ఏళ్ల తేడాతో చిన్నచిన్న మార్పులుంటాయి మరి.

పని రెండు రోజులు పట్టింది. ఎక్కువసేపు తినేసింది తుప్పుపట్టిన బోల్టులే. కొత్త కట్టలు ఎక్కాయి, అదనపు పట్టీ లేకుండా. యూ బోల్టులు పాతవి మళ్లీ వాడనివ్వలేదు మేస్త్రీ. ఒకసారి సాగిన బోల్టు రెండోసారి అదే బిగువు పట్టదంటాడు. షాఫ్టు రెండు కొసల్లోని క్రాస్ జాయింట్లు కొత్తవి వేశాడు. రెండుచోట్లా వంపు కోణం ఒకేలా ఉందో లేదో చూశాడు. తేడా వస్తే యాభై దాటాక సీటు కింద వణుకు పుడుతుందట. కమాన్ల బుష్ బోల్టులు మాత్రం చేతిబిగువుకే వదిలేశాడు.

"అవెందుకు బిగించలేదు మేస్త్రీ గారూ?" అన్నాడు కొడుకు.

"బండి ఎత్తుమీదుండగా బిగిత్తే రబ్బరు ఆ వంకరలోనే పట్టేత్తది బాబూ. దించితే మెలిపడి సిరిగిపోద్ది. నాలుగు కాళ్లమీద నిలబడ్డాక బిగించాల."

ఇరుసులో 90 గేరు ఆయిల్ పోశారు, ఇలాంటి పళ్లకి వాడే హైపాయిడ్ రకం. బ్రేకు గొట్టాల్లో గాలి తీశారు. హ్యాండ్ బ్రేకు తీగ సరిచేశారు. చివరగా దారం తీసుకుని ముందు చక్రం మధ్యనుంచి వెనక చక్రం మధ్యకి కొలిచాడు మేస్త్రీ, రెండువైపులా. సమానంగా ఉంది. ఆ కొలతలో తేడా ఉంటే బండి పీతలా పక్కకి నడుస్తుంది. హైవే మీద ముందుపోయే పాత టాక్సీలు కొన్ని ఏటవాలుగా పోతున్నట్టు కనబడేది అందుకే. ఈ బండి కూడా మొన్నటిదాకా వేలెడు తేడాతో అలాగే పోతోందని పాత గుర్తులు చూస్తే తెలిసింది. ముందు కూర్చునేవాళ్లకి అది ఎలా తెలుస్తుంది!

ఆ సాయంత్రం ఆవిడ వెనక సీట్లో కూర్చుంది. శారదానది వంతెన దాకా వెళ్లి వచ్చారు. దార్లో ఉన్న గతుకులన్నీ షావుకారుగారికి కంఠతా వచ్చు, అద్దంలోంచి ఆవిడ మొహం చూస్తూ ఒక్కొక్కటే దాటించారు. ఆవిడ ఏమీ అనలేదు. ఇంటి ముందు దిగేటప్పుడు మాత్రం "వచ్చే ఆదివారం అక్కయ్యని చూసి చాలా రోజులైంది, చోడవరం వెళ్దామా" అంది.

మేస్త్రీ మాత్రం అయిదొందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తీసుకురమ్మన్నాడు. కొత్త పట్టీలు సర్దుకుని యూ బోల్టులు కాస్త వదులవుతాయి, ఒకసారి బిగించాలి. ఏడాదికి నాలుగుసార్లు తీసే బండికి అయిదొందల కిలోమీటర్లు ఎప్పటికయ్యేనని కొడుకు నవ్వాడు. చోడవరం ప్రయాణం ఖాయమైంది కదా, అయ్యేలాగే ఉంది.